ఫలితాలు వచ్చేదాకా

భోజనాల గంట కొట్టడానికి కాస్త ముందు, జేబులు కుట్టే ఆవిడ చూపుడువేల్లోకి సూది దిగి విరిగింది. వేలికి గుడ్డ చుట్టి ఆస్పత్రికి పంపించారు. ఆవిడ కళ్ళజోడు మాత్రం సంచి అడుగున, మడిచిన గుడ్డలో భద్రంగానే ఉంది. కళ్ళజోడు కనిపించిందంటే చూపు తగ్గిందన్నమాట. చూపు తగ్గినవాళ్ళని మిషను మీంచి లేపి, దారాలు కత్తిరించే బల్ల దగ్గర నిలబెడతారు. అక్కడ జీతం సగం. అందుకే ఆ చొక్కాల ఫ్యాక్టరీలో నలభై దాటిన ఆడవాళ్ళందరూ కళ్ళజోళ్ళని దొంగసొత్తులా దాచుకుంటారు.

ఆ పక్క మిషను కాలరక్కది. వచ్చిన నాటి నుంచీ కాలర్లే కుడుతోంది కనక ఆ పేరు నిలిచిపోయింది. ఒక్క చొక్కా అయినా మొదలుపెట్టి తన చేతులతో పూర్తి చేసిన పాపాన పోలేదు. ఆమె కూడా చూపు దాచుకునే రకమే. రీలు అయిపోతే సూదిలోంచి దారం తియ్యదు. పాత కొసకి కొత్త దారం ముడేసి మెల్లిగా లాగుతుంది. ముడి సూది దాకా వచ్చి ఆగితే, పక్క మిషను పిల్ల "ఇలా ఇవ్వక్కా" అని చటుక్కున బెజ్జంలోకి ఎక్కించేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ షెడ్డులో పని ఇలాగే గుట్టుగా నడిచిపోతోంది.

భోజనాలయ్యాక యజమాని కొత్త పరీక్ష పెట్టాడు. ప్రతి మిషను దగ్గరా సూదిలోంచి దారం లాగేస్తారు, ఒట్టి కళ్ళతో ఎవరికి వాళ్ళే ఎక్కించుకోవాలి. ఎక్కించలేనివాళ్ళు బల్ల దగ్గరికి. ఆస్పత్రిలో ఉన్నావిడ వేలు ఏమైందని అడిగిన నాథుడు లేడు.

పరీక్ష చేసేది సూపర్‌వైజరమ్మ. ఆవిడా కాలరక్కా హైస్కూల్లో ఒకే బెంచీ. ఆఖరి పరీక్ష రాసిన మర్నాడే, వేళ్ళకి సిరా మరకలు పోకముందే, ఇద్దరూ కలిసి ఈ గేటు లోపలికొచ్చారు. ఫలితాలు వచ్చేదాకా ఇంట్లో ఊరికే కూర్చోవడమెందుకని. ఫలితాలొచ్చాయి. లెక్కల్లో స్కూలు మొత్తానికీ కాలరక్కే ఫస్టు. చూసుకుని వస్తానని సగం పూట సెలవడిగితే ఇవ్వలేదు. తమ్ముడి చదువు అయ్యేదాకా చెయ్యమంది తల్లి. తర్వాత పెళ్ళి అయ్యేదాకా, ఆ తర్వాత పిల్ల పుట్టేదాకా, మొగుడి జబ్బు నయమయ్యేదాకా. జబ్బు నయం కాలేదు, మొగుడే పోయాడు. ఇన్ని దాకాలు కలిస్తేనే తన బతుకు అయిందని ఆమెకి ఈ పొద్దున్నే తెలిసింది. కూతురు పరీక్షకి వెళ్తూ గుమ్మంలో ఆగి, "రేపటితో అయిపోతాయమ్మా. ఫలితాలు వచ్చేదాకా నేనూ నీతో వస్తానే" అంది. కాలరక్క "నోరు మూసుకుని వెళ్ళి పరీక్ష రాయి" అని కసిరింది.

ఇప్పుడు తన జీతం సగమైతే ఆ పిల్లని ఆపే నోరు తనకుండదు.

గుండీల మిషను దగ్గర పెద్దమ్మ దారం కొసని నోట్లో తడిపి, బెజ్జం ఒకచోట ఉంటే ఇంకోచోట పొడుస్తోంది. చివరికి లేచి, మంచినీళ్ళ సీసా తీసుకుని బల్ల దగ్గరికి నడిచింది.

సూపర్‌వైజరమ్మ కాలరక్క మిషను మీదికి వంగి దారం లాగేసింది. గొంతు తగ్గించి, "నేను అటు తిరిగి నిలబడతా. పక్కపిల్లతో ఎక్కించేసుకో. నీకూ గండం గడుస్తుంది, నాకూ గడుస్తుంది" అంది.

"మరి పెద్దమ్మకి అటు తిరగలేదేం?"

"అందరికీ తిరిగితే నా మెడ విరుగుతుందే! పైనుంచి చూస్తున్నాడు, కానియ్యి."

పైన అద్దాల గదిలో యజమాని నిలబడి ఉన్నాడు. కాలరక్క చెయ్యి దారం మీదికి వెళ్ళింది. ఒక్కసారి తలూపితే చాలు, కూతురు కాలేజీకి వెళ్తుంది. పక్కపిల్ల అప్పుడే చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వక్కా."

కాలరక్క ఆ చేతినే చూసింది. ఆ పిల్ల కూడా నిరుడు ఫలితాలు వచ్చేదాకా అనే వచ్చింది.

"వద్దులే తల్లీ" అంది కాలరక్క.

లోపలి జేబులోంచి కళ్ళజోడు తీసి, ఊది, తుడిచి, అందరూ చూస్తుండగా పెట్టుకుంది. దారం ఒక్క పోటుకే ఎక్కింది.

"ఏంటే ఈ పని!" సూపర్‌వైజరమ్మ మొహం పాలిపోయింది. "తియ్యి ముందు. చూశాడంటే నన్నూ బతకనివ్వడు."

"తియ్యను. దాచుకుంటే వేళ్ళు పోతున్నాయి. కళ్ళజోడు పెట్టుకునే కుడతా, మిషను మీంచి లేవను. పోయి అదే చెప్పు."

చుట్టుపక్కల మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. కాలరక్క తలెత్తింది. ఎన్నాళ్ళ తర్వాతో స్నేహితురాలి మొహం అంత దగ్గరగా, అంత స్పష్టంగా కనిపించింది. ముక్కుకి రెండు పక్కలా చిన్న నొక్కులు, ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నీదెక్కడ దాచావే?" అంది.

పైగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. మెట్ల మీద బూట్ల శబ్దం మొదలైంది. సూపర్‌వైజరమ్మ చెయ్యి ముక్కు మీదికి వెళ్ళి, అక్కణ్ణించి జేబు దాకా వచ్చి ఆగింది.