పన్ను నొప్పికి మింగిన మాత్రలు

టైలరమ్మ ఎమర్జెన్సీ వార్డుకు వచ్చింది కాస్త గట్టి మాత్ర రాయించుకుందామనే. మూడు రోజులుగా దవడ పన్ను ప్రాణాలు తోడేస్తోంది. కుట్టుమిషను తొక్కినప్పుడల్లా సూది గుడ్డలో కాక చిగుట్లో దిగుతున్నట్టుంది.

"ఇంట్లో ఏం వేసుకున్నారు?" డాక్టరమ్మ అడిగింది.

"పారాసిటమాలేనమ్మా. పెద్ద మందేం కాదు."

"రోజుకెన్ని?"

టైలరమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టసాగింది. వెంట వచ్చిన అక్క అందుకుంది. "ఎన్నేంటమ్మా, పిప్పరమెంట్లు చప్పరించినట్టు గంటకో రెండు! పైగా జలుబు మాత్రలు."

జలుబు మాత్రలోనూ అదే మందుంటుందని చెప్పి, డాక్టరమ్మ రక్తం తీయించింది. రిపోర్టు వచ్చాక మంచం పక్కనే కూర్చుంది.

"కాలేయం దెబ్బతింది. విరుగుడు ఎక్కించాలి. రేపటిదాకా మంచం దిగొద్దు."

"నాకేమైందని? గుండ్రాయిలా ఉన్నాను!"

"అదే దీనితో చిక్కు. ముంచుకొచ్చేదాకా పైకి తెలీదు."

టైలరమ్మ లేచి చెప్పులు వెతుక్కుంది. అవి అప్పటికే అక్క సంచిలో ఉన్నాయి.

"పోతావా? వట్టికాళ్లతో పో."

చేతికి సూది గుచ్చారు. మంచానికి రెండు వైపులా కమ్మీలు లేపారు, చుట్టూ తెర లాగారు. పన్ను పోటు మాత్రం ఆగలేదు. పీకేయమంది. రక్తం సరిగా గడ్డకట్టడం లేదు, ఇప్పుడు కుదరదన్నారు. పోనీ మాత్ర ఇవ్వమంది. ఆ పేరెత్తొద్దంది నర్సు. వేరే ఇంజెక్షనేదో చేస్తే నొప్పి సగానికి దిగి అక్కడే తిష్ఠ వేసింది. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి.

"మొదటిరోజే పళ్ల డాక్టరు దగ్గరికి పోవచ్చుగా? తీరిక లేదన్నావు," అంది అక్క.

టైలరమ్మ గోడవైపు తిరిగింది. "భయమేసిందే, అక్కా. ఆ పట్టకారు తలుచుకుంటేనే ఇల్లు కదలబుద్ధి కాలేదు."

తిట్టడానికి తెరిచిన నోరు అక్క మూసేసింది. చెల్లెలి కాళ్లు ఒళ్లోకి తీసుకుని ఒత్తసాగింది.

మర్నాటి రిపోర్టులో అంకెలు ఇంకా పెరిగాయి. అది మంచి లక్షణం కాదని డాక్టరమ్మ మొహం చూస్తేనే తెలిసిపోయింది. మరో సీసా తగిలించారు. టైలరమ్మ ఒక్కో చుక్కా రాలడం చూస్తూ పడుకుంది. కిటికీ అవతల జనం ఎవరి దారిన వాళ్లు నడిచిపోతుంటే, వాళ్ల కాళ్ల మీద అసూయ పుట్టింది.

మూడోరోజు అంకెలు కాస్త దిగాయి. నాలుగోరోజు బాగా దిగాయి.

ఆరోరోజు పన్ను పీకారు. పట్టకారు తగలకముందే టైలరమ్మ వార్డు అదిరేలా కేక పెట్టింది. నర్సు నవ్వాపుకోలేకపోయింది. అక్క ఆపుకోవాలని కూడా అనుకోలేదు.