బుగ్గమ్మ పొయ్యి

బుగ్గమ్మను దయ్యం పట్టలేదు, మీరు పట్టిన్రు! కొడుకా, కోడలా, ఊరి పెద్దలారా, మీరే! ఆమె చేతుల పని గుంజుకొని మూలకు కూసోబెట్టిన్రు. ఇప్పుడేమో వేపమండలు పట్టుకొని దయ్యాన్ని దేవులాడుతున్నరు.

రజాకార్లు ఇబ్రహీంపట్నం చెరువు కింద గుడిసెలు తగలబెట్టిననాడు ఆమెది కూడా కాలిపోయింది. మొగడు చచ్చినంక ఒంటిగా, ఎవరికీ చెయ్యి చాపకుండ బతికిన గుడిసె. ఆ గుడిసెల పొయ్యి మీద కాల్చిన జొన్నరొట్టెలనే గంపల పిడకల కింద దాచి, గుట్టల్ల ఉన్న దళానికి మోసింది. కాలిపోయినంక, నాలుగొద్దులుందామని కొడుకు నాగయ్య ఇంటికొచ్చింది. యూనియన్ మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయిన్రు. గుడిసె మాత్రం లేవలేదు.

"కప్పియ్యిరా" అంటే నాగయ్యది ఒక్కటే మాట.

"తల్లిని ఎల్లగొట్టి వేరే పొయ్యి పెట్టిచ్చిండంటరు. నా ఇజ్జత్ పోతది. కూసుండి తినవే అవ్వా."

రోలు కాడికి పోతే కోడలు బాలనర్సమ్మ రోకలి గుంజుకునేది. "నేను లేనా అత్తా? నీకెందుకు?" చెడ్డపిల్ల కాదు. అదే పెద్ద తిప్పలు, తిట్టడానికి కూడా సందు లేదు.

అడిగి అడిగి బుగ్గమ్మ అడుగుడు బంద్ చేసింది. ఆ తర్వాత తినుడు కూడా. పొద్దంతా గడపదాకా పోవుడు, మళ్ల వచ్చుడు. కొంగు ముడేసుడు, విప్పుడు. "ఇంకెందుకున్న?" అని గోడనడిగేది.

ఊరి పెద్దలు గాలి సోకిందన్నరు. మంత్రగాడు కిష్టా వచ్చి, ముగ్గేసి ఆమెను నడుమ కూసోబెట్టి పొగ పెట్టిండు. పద్ధతి ఊరందరికీ తెలుసు: దయ్యం పేరు చెప్పాలె, కావాల్సింది అడగాలె. అడిగింది ఇంటోళ్లు ఇస్తే వదిలిపోతది. నాగయ్య కోడిని, కల్లుముంతను తయారు పెట్టిండు.

భుజం మీద వేపమండ పడింది.

"ఎవరవే నువ్వు?"

"బుగ్గమ్మను."

"అబద్ధమాడుతున్నది!" మళ్లొక దెబ్బ. "చెప్పు, ఏం గావాలె నీకు?"

బుగ్గమ్మ తల ఎత్తింది. ఇల్లు కాలినంక ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు.

"నా గుడిసె గావాలె. నా పొయ్యి, నా రోలు గావాలె."

కిష్టా బిత్తరపోయిండు. "కోడి వద్దా? కల్లు?"

"నువ్వే తాగు బిడ్డా, అరిచి అరిచి గొంతెండింది."

బాలనర్సమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నాగయ్య నవ్వలేదు. జర దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు.

"అవ్వా, గది నువ్వు అడుగుతున్నవా, దయ్యమా?"

"దయ్యమడిగితే ఇస్తవ్. తల్లి అడిగితే ఇయ్యవారా?"

బుగ్గమ్మ లేచి, కిష్టా చేతుల మండ గుంజుకొని ముగ్గంతా బరబర ఊడ్చిపారేసింది. ఆమె ఊడుస్తుంటే ఈసారి ఎవ్వరూ అడ్డం రాలేదు.

"ఏం చూస్తున్నవ్ కొడకా? వానమొగులు మీదికొచ్చింది. పో, తాటికమ్మలు కొట్టుకరా! ఇయ్యాల్నే వాసాలు లేవాలె. పొయ్యిరాళ్లు నేనే ఏరుకుంట!"