నాగమణమ్మ బాల్కనీలో నక్షత్రం

లాల్‌దర్వాజాలో కళావతి అద్దెకున్న వాటా ఇంటికి వెనక భాగంలో ఉంది. వీధిలోంచి చూసేవారికి ఇంటి యజమానురాలు నాగమణమ్మ బాల్కనీ తప్ప మరేమీ కనబడదు. మిగతా నెలల్లో ఎవరికీ పట్టని ఈ సంగతి డిసెంబరులో కళావతికి పెద్ద చిక్కై కూర్చుంది. క్రిస్మస్ పాటలతో చర్చి నుంచి వచ్చే క్యారల్స్ బృందం, కాగితపు నక్షత్రం వేలాడే గుమ్మం ముందే ఆగి పాడుతుంది.

ఆమె ఆరాటమంతా భర్త డానియేలు కోసం. బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరైన ఆయన ఏటా క్యారల్స్‌లో డోలక్ వాయించేవాడు. మొన్నటి వానాకాలంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. నడిచి తీరాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. కానీ కాలు కుదుటపడినా మనసు కుదుటపడలేదు. వాకర్ గోడకు అతుక్కుపోయింది, ఆయన మంచానికి. ప్రార్థన చేద్దామంటే అటు తిరిగి పడుకునేవాడు.

"దేవునికి నా అడ్రస్ యాదికి లేదే," అనేవాడు.

పాట గుమ్మంలోకి వస్తే ఈయన లేస్తాడని కళావతి నమ్మకం. అందుకే నక్షత్రం పట్టుకుని నాగమణమ్మ దగ్గరికి వెళ్లింది.

"అక్కా, మీ బాల్కనీకి కట్టుకోనిస్తరా?"

"గదేం అడుగుడే! బోనాలకు మా ఇంటి ముందట లైట్లు కట్టేది నీ మొగుడే గదా. ఇంకింత పైకి కట్టు, సందు మొదట్ల నుంచి కనబడాలె."

మరునాటి సాయంత్రం క్యారల్స్ రానే వచ్చాయి. అయితే బృందంలో అంతా వెనక వాటా సంగతి తెలియని కొత్త పిల్లలు. నక్షత్రం ఎక్కడుంటే ఇల్లు అదేననుకుని, తిన్నగా నాగమణమ్మ గుమ్మం ముందు నిలబడి పాట ఎత్తుకున్నారు. పాడేవాళ్లను ఆపడం అపచారమని తలచి, ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కుని చేతులు జోడించింది.

వెనక వాటాలో కళావతి గుమ్మం వైపు పరుగెత్తబోయింది. "అయ్యో, ముందటింట్ల పాడుతుండ్రు! ఉండు, పిలుచుకొస్త."

"ఆగవే!" డానియేలు తల ఎత్తి చెవి రిక్కించాడు. "ఎవలు కొడుతుండ్రు డోలక్?"

"నాకేం ఎర్క?"

"డోలకా అది? రేకుడబ్బా లెక్కున్నది! పాట ఒక దిక్కు, దెబ్బ ఒక దిక్కు. ఏసయ్య పుట్టిండని చెప్తుండ్రా, పెండ్లి బరాత్ తీస్తుండ్రా?"

"నేర్పెటోడు మంచం దిగకపోతే గట్లనే ఉంటది మరి."

ఆయన ఆమెను గుర్రుగా చూశాడు. "వాకర్ ఇయ్యి."

కళావతి గోడ దగ్గరి వాకర్ తెచ్చి ఇచ్చింది. గోడకు ఆనించిన స్కూటరునూ నీళ్ల డ్రమ్మునూ తప్పించుకుంటూ ఆయన నడిచాడు. పడితే పట్టుకోవాలని చేతులు చాచి ఆమె వెనకే నడిచింది. నడవ సగంలో ఆయన ఆయాసంతో ఆగిపోయాడు. సరిగ్గా అప్పుడే బయట పాట ముగిసింది. వెళ్లిపోతారేమో!

"ఓ పిల్లలూ! ఆగుండ్రి!"

నెలల తరబడి గొణుగుడే తప్ప వినబడని ఆ గొంతు సందంతా మోగింది.

డోలక్ మెడలో వేసుకున్న స్వీటీ ఆయనను చర్చిలో ఎరిగిన పిల్ల, కళ్లు పెద్దవి చేసింది. "డానియేలు అంకుల్! మీ కాలూ..."

"కాలు సంగతి తర్వాత, బిడ్డా. డోలక్ ఇటు తే."

నాగమణమ్మ పరుగున కుర్చీ తెచ్చింది. ఆయన కూర్చున్నాడు, వేళ్లు విరుచుకున్నాడు, మొదటి దెబ్బ వేశాడు. పిల్లలు కేరింతలు కొట్టారు. పాట తిరిగి లేచింది, ఈసారి కాళ్లు నిలవనీయకుండా.

కళావతికి అప్పుడు తెలిసింది. పాట తమ గుమ్మానికే వచ్చి ఉంటే ఆయన మంచం మీది నుంచే వినేవాడు. ఏసయ్య పుట్టిన రాత్రి పొలంలోని గొర్రెల కాపరులకు దూత కబురు మాత్రమే తెచ్చాడు. ఆ బిడ్డను చూడటానికి బెత్లెహేముకు వాళ్లే నడవాల్సివచ్చింది. తాను మొరపెట్టుకున్న దేవుడు పక్క గుమ్మం దాకా వచ్చి ఆగింది ఇందుకేనేమో!

ఆమె వంగి భర్త చెవిలో అడిగింది: "ఏందయ్యా, నీ అడ్రస్ దొరికినట్టేనా దేవునికి?"

డానియేలు తల తిప్పలేదు. కళ్లు మాత్రం తడిగా మెరిశాయి.

"మాట్లాడియ్యకే. తాళం తప్పుతది."