ముందే మోగిన గంట

లెక్కల పీరియడు తప్పించుకోవడానికి తొమ్మిదో తరగతి అమ్మాయి పావుగంట ముందే బడి గంట కొట్టేసింది. హెడ్మాస్టరు మండిపడి, ఇంట్లో పెద్దవాళ్లను పిలిపించారు. మర్నాడు మనవరాలిని వెంటబెట్టుకుని అమ్మమ్మ వచ్చింది. గదిలోకి వస్తూనే ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఒరేయ్ బుడంకాయ్! హెడ్మాస్టరువి నువ్వేనా?"

ఇద్దరూ ఇదే బడిలో పదో తరగతి దాకా కలిసి చదువుకున్నవాళ్లే. ఆయన గొంతు సవరించుకున్నారు.

"నీ మనవరాలు గంట కొట్టింది."

"మనం కొట్టలేదూ?"

"మనమా? కొట్టింది నువ్వు! దొరికిపోయి గోడకుర్చీ వేసింది నేను!" నలభై అయిదేళ్ల ఉక్రోషం ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

అమ్మమ్మ తల దించుకుంది. "అవున్రా. అప్పుడే ఒప్పుకోవాల్సింది."

ఆయనకు ఆ మాట చాలు. నవ్వాపుకోలేకపోతున్న మనవరాలిని లెక్కల క్లాసుకు తోలేసి, పాత దొంగకు కుర్చీ లాగి వేశారు.