పన్నెండో పిల్లి

నేను ఒక బోనుని. ఎలుకల బోనుని కాదు, ముందే చెబుతున్నాను, ఆ పొట్టివాళ్ళతో నన్ను కలపకండి. మోకాలెత్తు ఉంటాను, పొడవు రెండున్నర అడుగులు. పుట్టింది కాకినాడలో, నూకరాజు వెల్డింగ్ షాపులో. నా ఒంట్లో సగం పాత కిటికీ ఊచలు. మిగతా సగం ఎవరింటి గేటుదో నూకరాజుకే గుర్తు లేదు.

మొదట్లో నేను కోళ్ళ గూడుని. ఒక మాంసం కొట్టు ముందు నాలుగేళ్ళు కూర్చున్నాను. అప్పట్లో నాలోకి వచ్చిన ప్రాణి ఏదీ తిరిగి వెళ్ళలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే. కొట్టు మూతపడ్డాక పాతసామాన్ల బండి ఎక్కాను, దిగింది మాణిక్యాంబ గారి వాకిట్లో.

మాణిక్యాంబ గారు రిటైరైన నర్సు. ఉండేది చేపల రేవు పక్కవీధి. అక్కడ ఇళ్ళెన్నో పిల్లులన్ని, మనుషులకన్నా పద్ధతిగానూ ఉంటాయి. ఆవిడ నన్ను మళ్ళీ నూకరాజు దగ్గరికే మోసుకెళ్ళారు. తలుపు పైనుంచి పడాలనీ, లోపలి రేకు మీద కాలు పడగానే అది దిగాలనీ చెప్పారు.

"ఏం పడతారండీ, పులినా?" అన్నాడు నూకరాజు.

"పిల్లుల్నయ్యా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, మళ్ళీ మన వీధిలోనే వదిలేత్తాను."

"పట్టుకునీ వదిలేత్తారూ! మీకేం పనిలేదాండీ?" అంటూనే, తలుపు పడినప్పుడు తోకకి దెబ్బ తగలకుండా అంచుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టాడు. మనుషుల నోళ్ళు ఒక మాటంటాయి, చేతులు ఇంకోటి చేస్తాయి. నేను నేర్చుకున్న మొదటి పాఠం అది.

పశువుల ఆసుపత్రిలో ఆపరేషన్లు గురువారం. అందుకని బుధవారం మధ్యాహ్నం నుంచి వీధిలో ఎవరూ పిల్లులకు మెతుకు వేయకూడదని మాణిక్యాంబ గారు ఇంటింటికీ చెప్పొచ్చేవారు. ఆకలేస్తేనే కదా పిల్లి బోనులో కాలు పెట్టేది. తెల్లారగట్ల పడితే పొద్దున్నే ఆసుపత్రికి, రెండు మూడు రోజుల్లో మళ్ళీ వీధిలోకి. మత్తులో ఉండగానే డాక్టరు ఎడమ చెవి కొస కాస్త కత్తిరిస్తారు, మళ్ళీ పట్టి కోయకుండా గుర్తన్నమాట. ఓటేసిన మనిషికి వేలి మీద సిరాచుక్క లాగా. పదకొండు పిల్లులు అలా నాలోకి వచ్చాయి, పదకొండూ ఇంటికి వెళ్ళాయి. కోళ్ళ పాపం కొంతైనా తీరిందని లోలోపల పొంగిపోయాను.

మిగిలింది పన్నెండోది. మూడు రంగుల ఆడపిల్లి, వీధి పెట్టిన పేరు దొరసాని. ఏడాదికి మూడుసార్లు పిల్లలు పెట్టి, వాటిని ఊరి మీదకి వదిలి, తను మాత్రం గోడెక్కి కూర్చునేది.

ఆ వీధి సంఘానికి ప్రెసిడెంటు విశ్వపతి గారు. ఇంట్లో ఒక్కరే ఉంటారు. పిల్లికి కూడా బిచ్చం పెట్టడని ఆయనకు పేరు. ఒకరోజు నడివీధిలో నిలబడి, "మాణిక్యాంబ గారూ, ఇదే ఆఖరుసారి చెప్పడం. దొరసాని ఇంకొక్కసారి పిల్లల్ని పెట్టిందా, పన్నెండింటినీ గోనెసంచుల్లో కట్టించి ఉప్పుటేరు అవతల వదిలించేత్తాను!" అన్నారు. అవతల ఉన్నవి ఉప్పుమడులు. తాగడానికి మంచినీళ్ళ చుక్క దొరకదు. అక్కడ వదిలిన పిల్లి బతకదని మాణిక్యాంబ గారికి తెలుసు.

తర్వాతి మూడు గురువారాలూ నాకు అవమానమే. మొదటిసారి వేయించిన కానాగంత చేప, రెండోసారి పచ్చి రొయ్యలు, మూడోసారి ఏకంగా ఖరీదైన వంజరం చేప ముక్క! దొరసాని వచ్చేది, వాసన చూసేది, నా తలుపుకి ఒళ్ళు రుద్దుకుని వెళ్ళిపోయేది. చేపల రేవులో పుట్టిన పిల్లికి చేప ఎర వేసిన మనుషుల తెలివిని ఏమనాలి? అయినా ఆకలిగా ఉంటే అదీ తినేదే. ఆకలి లేదు, అదీ అసలు సంగతి.

మూడో గురువారం మాణిక్యాంబ గారు వంగి దాని మూతి చూశారు. మీసాల మీద తెల్లగా మీగడ. ఆవిడ నన్ను చంకన పెట్టుకుని తిన్నగా విశ్వపతి గారి గుమ్మం ముందు దించారు.

"దాని మూతికి మీగడుందండి."

"ఎవరో పోసుంటారు. నన్నడుగుతారేంటండీ?"

"వీధంతా పాకెట్ పాలేనండి. గేదెపాలు మీకొక్కరికే వత్తాయి."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆ పూట చెమట పట్టేంత ఎండేం లేదు.

"అది గుమ్మంలో కూచుని అరుత్తుంటే చూడలేకపోయానండి. ఒక్క పూటే కదా అని..."

"మూడు బుధవారాలూ ఒక్కొక్క పూటేనాండి?"

నాకు నవ్వొచ్చింది. సంచుల్లో కట్టిస్తాననేదీ ఈయనే, పాలు పోసి సంచులదాకా తెచ్చేదీ ఈయనే. కానీ ఆయన తరువాత అన్న మాటకి నా నవ్వు ఆగిపోయింది.

"అది నా చేతి కూడే నమ్ముద్దండి. ఇదే చేత్తో పట్టిత్తే ఇంక నా గుమ్మం తొక్కుద్దా?"

మాణిక్యాంబ గారు అబద్ధం చెప్పలేదు. "తొక్కకపోవచ్చండి. తొక్కకపోయినా మన వీధిలోనే బతికుంటది కదండీ."

మరుసటి బుధవారం ఆ ఇంట్లో కాచిన గేదెపాలు గుమ్మం దాకా రాలేదు. రాత్రి ఆయన కూడా ఏమీ తిన్నట్టు లేదు. గురువారం తెల్లారగట్ల పాలన్నం కలిపి, మీగడ తరక పైన పెట్టి, గిన్నె నా లోపల పెట్టారు. దొరసాని వచ్చింది. చేప వాసనకి లొంగనిది ఆ గిన్నెని చూసి అనుమానమే పడలేదు. రేకు మీద కాలు పడింది, నా తలుపు దిగింది. అది ఆయన వైపు చూసింది, ఆయన గోడ వైపు తిరిగారు. నన్ను ఇనుముతో చేశారు కాబట్టి సరిపోయింది.

శనివారం అది చెవి కొస లేకుండా తిరిగొచ్చి గోడెక్కింది. ఆయన పొద్దునా సాయంత్రం గుమ్మంలో గిన్నె పెట్టుకుని కూర్చున్నారు. ఎనిమిది రోజులు అది అటు చూడలేదు. తొమ్మిదో రోజు దిగింది. ఆయనకి వీపు పెట్టి, గిన్నె ఖాళీ చేసి, థాంక్స్ లాంటిదేమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆయన ఏడ్చారు. నేను చూశాను.

ఇప్పుడు నాకు పనిలేదు. ఆయన వరండాలో మూల కూర్చున్నాను, తలుపు ఊడదీశారు, నా నెత్తిన ఒక తులసి కుండీ పెట్టారు. విశ్వపతి గారు ఇప్పటికీ వీధిలోకి వినబడేలా, "ఈ పిల్లులతో చత్తున్నామండీ బాబూ!" అని అరుస్తారు. అరుస్తూనే వెనక్కి పెట్టిన చేత్తో గిన్నె కిందికి దించుతారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఇన్నేళ్ళలో అలాంటి పిల్లిని ఒక్కదాన్నీ నేను చూడలేదు. దొరసాని కళ్ళు తెరిచే తాగుతుంది. కళ్ళు మూసుకునేది పోసేవాడే.