గోల్‌కీపర్‌తో మాట్లాడకూడని రోజు

నేను ఐస్ హాకీలో గోల్‌కీపర్‌గా నిలబడ్డ కాలంలో నన్ను దాటి ఒక్క బిళ్ళ కూడా వల్లో పడలేదు. కెనడాలో, మానిటోబా గోధుమ చేల మధ్య మా ఊరి మంచు మైదానం దీనికి సాక్షి. దాని పైకప్పు కూలి చాలా ఏళ్ళయింది గానీ, అది వేరే సంగతి. అంతటి వాణ్ణి కాబట్టే మా ఇంటి గోల్‌కీపర్ల గురించి చెప్పే హక్కు నాకుంది.

ఒకడు నా కొడుకు డార్సీ. విన్నిపెగ్‌లో జీతానికి ఆడతాడు, టీవీలో కనిపిస్తాడు. వాడి ఇంట్లో నేలమాళిగలో, ఇల్లు వేడి చేసే యంత్రం పక్కన నా మంచం. వాడి ప్యాడ్లూ గ్లవ్‌లూ కూడా అక్కడే ఆరేస్తారు. ఆ కంపుకి మా ఊళ్ళో పందులైతే కాపురం మార్చేసేవి. ఆరేస్తారు అన్నాను గానీ ఆరేసేది ఒక్క మనిషే, నా కోడలు జోసెట్. చెమటకి బరువెక్కిన ప్యాడ్లు పైనుంచి మోసుకొచ్చి, పట్టీలు విప్పి, తెగినవి కుట్టి, బట్టలు ఉతికి మళ్ళీ పైకి వెళ్తుంది.

బిళ్ళ పట్టే ఎడమచేతి గ్లవ్ కొత్తది వస్తే దాన్ని లొంగదీసే పని కూడా ఆమెదే. కొత్త గ్లవ్ కర్రలా బిగుసుకుని ఉంటుంది, ఎవరో ఒకరు చెయ్యి దూర్చి వారాల తరబడి మూసి తెరిచి మెత్తబరచాలి. డార్సీకి ఓపిక లేదు. జోసెట్ దాన్ని తొడుక్కుని కింద గదిలో నిలబడేది, నేను మంచం మీద కూర్చుని బస్తాలో ఆలుగడ్డలు తీసి విసిరేవాణ్ణి. ఒక్కటీ కింద పడేది కాదు. ఆ పట్టిన ఆలుగడ్డలే సాయంత్రానికి పెరోగీలనే ఉడకబెట్టిన కజ్జికాయల్లోకి పూర్ణమయ్యేవి. నెల తర్వాత డార్సీ ఆ గ్లవ్ తొడుక్కుని, "నా చెయ్యి చూసి కుట్టినట్టుందే" అని మురిసిపోయేవాడు. మర్నాడు పేపర్లో వాడి ఎడమ చేతిని తెగ పొగిడేవాళ్ళు.

ఒకసారి ఆలుగడ్డలు విసురుతూ నా పాత ఘనత ఎత్తుకున్నాను. జోసెట్ ఓపిగ్గా విన్నది. మా మనవరాలు నన్ను పిలిచే పిలుపుతోనే ఆమె కూడా పిలుస్తుంది, గీదో అని, తాత అన్నమాట.

"గీదో, మీరు నిలబడింది ఒక్క పూటేనట కదా."

"ఎవరు చెప్పారు?"

"అత్తయ్య. ఆ రోజు మంచు తుపాను పట్టి ఎదుటి జట్టు బస్సు దారిలోనే ఆగిపోయిందట. మీరు సాయంత్రం దాకా ఖాళీ మైదానంలో నిలబడ్డారట."

"అయితే ఏం? ఒక్కటైనా లోపలికి పోయిందా?"

"పోలేదు. ఇంకోటి విసరండి."

నవ్వుతూనే పట్టింది. కానీ పట్టిన ఆ గ్లవ్‌ని మూసి, గుండెకి ఆనించుకుంది. అప్పుడే అర్థమైంది నాకు, మా ఇంట్లో రెండో గోల్‌కీపర్ నేను కాదని.

యూనివర్సిటీ జట్టుకి ఆమె ఆడేది. డార్సీ కంటే బాగా ఆడేదని డార్సీయే ఒప్పుకుంటాడు, రెండు బీర్లు తాగాక. పిల్ల పుట్టాక మళ్ళీ ఆడతానంటే వాడు నవ్వేశాడు. "ఒక ఇంట్లో ఇద్దరు గోల్‌కీపర్లా? ఇద్దరం ఒకే రోజు మూగనోము పడితే పిల్లకి అన్నం ఎవరు పెడతారు?" అన్నాడు. అందరం నవ్వాం. ఎందుకంటే మాకదొక ఆచారం. ఆట ఉన్న రోజు పొద్దున్నుంచీ గోల్‌కీపర్‌తో ఎవరూ మాట్లాడకూడదు, వాడూ మాట్లాడడు. జట్టు వాళ్ళే వాడికి దూరంగా కూర్చుంటారు. ఇక ఇంట్లో అయితే ఫోన్ మోగకూడదు, కెటిల్ ఈల వెయ్యకముందే దించెయ్యాలి, పిల్ల మేజోళ్ళతో నడవాలి. వాడు వేలితో చూపిస్తే ఉప్పు, కనుబొమ్మ ఎత్తితే కాఫీ. నా భార్య స్టెఫా బతికున్నప్పుడు కోడలితో అనేది, "గోల్‌కీపర్ పెళ్ళానికి పనేముందే, నోరు మూసుకుని ఉండడమేగా."

జోసెట్ కింద బట్టలు మడతపెడుతూ ముక్కలు ముక్కలుగా చెప్పిన మాటలన్నీ నేను కలుపుకున్నాను. ఆమెకి కావలసింది చప్పట్లు కావు. మంచు చదును చేసే బండి వెళ్ళిపోయాక, ఇంకా తడి ఆరని ఆ మంచు మీద మొదట తన స్కేట్ గీసే గీత కావాలి. ముసుగులో తన ఊపిరే తనకి వెచ్చగా తగలడం కావాలి. వల ముందు నీలం రంగు వేసిన ఆ అర్ధచంద్రంలో ఇంకెవరికీ చోటు లేదు. ఈ ఇంట్లో అలాంటి జాగా ఒక్క జానెడు కూడా తనకి లేదు, స్నానాల తొట్టిలో కూర్చున్నా తలుపు కొట్టి నా నీలం మేజోళ్ళు ఎక్కడ అని అడుగుతారు. నల్లటి బిళ్ళ దూసుకొస్తున్న ఆ క్షణంలో మాత్రం ప్రపంచంలో ఎవరూ ఆమెని మేజోళ్ళ గురించి అడగలేరు. వంటింట్లో గిన్నె తోముతూ తోముతూ మోకాళ్ళు వాటంతటవే వంగి ఆ నిలబడే తీరులోకి వెళ్ళిపోతాయట. పక్కవాళ్ళు నడుంనొప్పా అని అడుగుతారట. అవునంటుందట. ముప్పై దాటింది, ఇంకొన్నేళ్ళకి ఆ మోకాళ్ళు కూడా మర్చిపోతాయేమోనని ఆమె భయం.

పోయిన చలికాలం ఊళ్ళోని ఆడవాళ్ళ జట్టులో గోల్‌కీపర్ తొడ కండరం తెగింది. వాళ్ళ కోచ్ ఒకప్పుడు జోసెట్‌తో కలిసి ఆడిన మనిషి. శనివారం పొద్దున వచ్చి ఆడి చూపించు, ఆ రోజే తేల్చేస్తాం అని కబురు పెట్టింది. భోజనాల దగ్గర జోసెట్ ఆ సంగతి చెప్పింది.

"శనివారమా? శనివారం నాకు ఆట ఉంది కదా," అన్నాడు డార్సీ.

"నీది సాయంత్రం."

"పొద్దున్న పిల్లని ఎవరు చూస్తారు? నాన్నని నమ్మితే దాన్ని కూడా ఆలుగడ్డనుకుని విసిరేస్తాడు. వచ్చే ఏడాది చూద్దాంలే, జోస్."

"వచ్చే ఏడాది," అని జోసెట్ ఆ మాటని ఏదో వేడి గిన్నెలాగ ఒకసారి పట్టుకుని, బల్ల మీద పెట్టేసి, పళ్ళేలు తీసింది.

శనివారం పొద్దున డార్సీ మూగనోముతో దిగి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. పళ్ళెంలో గుడ్లు లేవు. వేలితో పళ్ళెం చూపించాడు. జోసెట్ ఎదురుగా కూర్చుని కిటికీలోకి చూస్తోంది. కనుబొమ్మ ఎత్తాడు. కాఫీ రాలేదు. ఆమె పక్కన కుర్చీలో తన పాత సంచీ, దాని మీద డార్సీకని మెత్తబరచిన కొత్త గ్లవ్. చివరికి వాడే ఆచారం తప్పాడు.

"జోస్, నా టిఫిను?"

ఆమె లేచింది. "ఇవాళ నాకు ఆట ఉంది డార్సీ. గోల్‌కీపర్‌తో మాట్లాడకూడదు," అంది. గ్లవ్ చేతికి తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

పిల్లకి నేనే గుడ్లు వేయించాను. ఒక వైపు మాడాయి. అది తినేసింది, వాళ్ళ నాన్నకి ధైర్యం చాలలేదు. మధ్యాహ్నం కోచ్ జోసెట్‌ని ఉంచుకుంది, మూడో గోల్‌కీపర్‌గా. అంటే సాధనలో అందరి దెబ్బలూ కాచుకోవాలి, ఆట రోజు ఆడేవాళ్ళు మంచు మీదికి వెళ్ళొచ్చే బెంచీ తలుపు తీసి వెయ్యాలి. ఆ తలుపు తీస్తూనే కళ్ళు నీలం అర్ధచంద్రం మీద పెట్టుకుని కూర్చుంటుంది. ఇంకా అక్కడ నిలబడలేదు. నిలబడుతుంది.

ఇందులో ఒక్కటి మాత్రం నా కల్పన. నాకు ఎంతో నచ్చిన ముక్కే అది, అందుకే ఇంతసేపు దాచాను. వెళ్ళేటప్పుడు జోసెట్ ఇవాళ నాకు ఆట ఉందన్న ఆ మాట అనలేదు. ఒక్క మాట కూడా అనలేదు. ఆట ఉన్న రోజు గోల్‌కీపర్ మాట్లాడదు కదా. తలుపు మూసుకుని కారు శబ్దం మలుపు దాటాక కూడా, వంటింట్లో నేనూ నా కొడుకూ గుసగుసలుగానే మాట్లాడుకున్నాం.