కదలని పిల్ల

నాలుగు టిఫిన్ డబ్బాలకీ మూతలు బిగించి, స్టవ్ గట్టు తుడిచి, తడిచేత్తోనే ఆమె చక్కెర డబ్బా కింద ఉన్న కాగితం లాగి చూసింది. కూతురికి స్కూలు పరుగు పందేల జట్టులో చోటు దొరికింది. రోజూ సాయంత్రం గంటన్నర సాధన. తల్లిదండ్రుల్లో ఒకరు సంతకం పెడితే చాలు. గడువు రేపటిదాకే. వారం నుంచి ఆ కాగితం అక్కడే నలుగుతోంది.

అది వచ్చిన రోజే అత్తగారు తేల్చేశారు. “సాయంత్రాలు చిన్నాణ్ణి ఎవరు ఎత్తుకుంటారమ్మా? నా నడుము సంగతి నీకు తెలియందా? అయినా మన పిల్ల బంగారం. కూర్చోమన్నచోట కూర్చుంటుంది.” భర్త పేపర్లోంచి తలెత్తకుండానే అమ్మ చెప్పింది నిజమేనన్నాడు. ఆయన ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటాడు. ఉంటాడు, అంతే. ఈమె వచ్చేసరికి ఏడవుతుంది. తొమ్మిదేళ్ళ పిల్ల మారు మాట్లాడకుండా తమ్ముణ్ణి చంకనేసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయింది. ఏడ్చి యాగీ చేసినా బాగుండేదనిపించింది ఆమెకి. కానీ ఆ వయసులో తనూ నోరెత్తలేదు.

కాగితం మళ్ళీ డబ్బా కింద పెట్టి ఉద్యోగానికి పరిగెత్తింది. మ్యూజియంలో ‘అలనాటి బాల్యం’ అనే ప్రదర్శనకి పాత ఫొటోలు సర్ది, ఒక్కోదాని కింద రెండు వాక్యాలు రాయడం ఆమె పని. అవి ఫొటో పడాలంటే కాసేపు ఊపిరి బిగబట్టి నిలబడాల్సిన రోజులు. కదిలినవాళ్ళు మసకైపోతారు. ఆ పూట చేతికొచ్చిన దాంట్లో మగపిల్లలు నలుగురూ పొగలా ఉన్నారు. ఒకడికి తలే లేదు, ఇంకొకడికి నాలుగు కాళ్ళు. మధ్యలో ఆడపిల్ల చంకలో ఉన్న పసివాడి ముఖమూ చెదిరిపోయింది. ఆ పిల్ల మాత్రం కనురెప్పలతో సహా స్పష్టంగా ఉంది.

సూపర్‌వైజర్ వెనకనుంచి వంగి చూసి మురిసిపోయాడు. ఎంత బుద్ధిమంతురాలో, ‘అక్క చంకలో హాయిగా’ అని రాయమన్నాడు. మంచి మనిషే. తాగిన టీ కప్పు మాత్రం రోజూలాగే ఈమె బల్ల మీద వదిలి వెళ్ళాడు.

ఆమె భూతద్దం పెట్టి చూసింది. పిల్ల నడుము ఒక పక్కకి ఒరిగి ఉంది. బస్సు కోసం నిలబడినప్పుడు, చంకలో ఎవరూ లేకపోయినా, తన నడుమూ అలాగే ఒరుగుతుంది. ఫొటోల సొరుగంతా తిరగేసింది. స్పష్టంగా పడిన ఆడపిల్లల్లో సగానికి సగం మందికి చంకలో ఎవరో ఒకరున్నారు. ఇన్నేళ్ళూ తనది ఓర్పు అనుకుంది, అందరూ మెచ్చుకుంటే లోపల కాస్త పొంగిపోయింది కూడా. ఓర్పూ కాదు, పాడూ కాదు. కదిలితే చంకలోవాడు పడిపోతాడన్న భయం. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కింద ఇలా రాసింది: ‘నలుగురు ఆడుకుంటున్నారు. ఒకరు పనిలో ఉన్నారు.’

మధ్యాహ్నానికి సూపర్‌వైజర్ అది కొట్టేసి తన వాక్యమే రాశాడు. ఆమె కప్పు కడిగి పెట్టేసి వచ్చింది.

ఇంట్లో పిల్ల తమ్ముణ్ణెత్తుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. భర్త టీవీ చూస్తున్నాడు. ఆమె చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళి, డబ్బా కింద కాగితం తీసి సంతకం పెట్టింది. కాగితంతోనే తిరిగొచ్చి పిల్లాణ్ణి భర్త ఒళ్ళో కూర్చోబెట్టింది.

“ఇదేంటి? రేపట్నుంచి వీణ్ణి ఎవరు చూస్తారు?” అన్నాడాయన.

“ఐదున్నరకి ఇంటికొచ్చేది మీరేగా.”

గదిలోంచి అత్తగారి దగ్గు వినిపించింది. ఇక రాత్రంతా మాటలు పడాలి, రేపూ పడాలి. ఆమెకి తెలుసు. కాగితం కూతురి చేతిలో పెట్టింది. పిల్ల దాన్ని చదివి కూడా నిలబడ్డచోటే నిలబడిపోయింది. చంక ఖాళీ అయినా నడుము ఒక పక్కకే ఒరిగి ఉంది.

“కదులు తల్లీ,” అంది ఆమె.